పాత పుస్తకాల వేట కొత్త శాస్త్రానికి ఎలా దారి తీసింది? ఐరోపా పునరుజ్జీవనంపై ఒక విశ్లేషణ

క్లుప్తంగా

ఐరోపా పునరుజ్జీవనం 1453లో పుట్టలేదు. అంతకు వందేళ్ల ముందే ఇటలీ నగరాల్లో మొదలైంది. పాత గ్రీకు, లాటిన్ గ్రంథాలను వెతికి పట్టుకోవడం, ప్రతులను పక్కపక్కన పెట్టి పాఠం సరిచూడడం దాని మూలబలం. ఆ అలవాటు బైబిలు దాకా వచ్చినప్పుడు చర్చి చీలడానికి ఒక కారణమైంది. వైద్యం, ఖగోళం దాకా వచ్చినప్పుడు, అప్పటిదాకా తలకెత్తుకున్న ప్రాచీనుల మాటే చాలాచోట్ల తప్పని తేలింది. ప్రపంచ పటాల దాకా వచ్చినప్పుడు సముద్ర ప్రయాణాలకు ఊతం దొరికింది. ఈ దిద్దుబాట్లన్నీ చెదిరిపోకుండా పోగుపడింది అచ్చు యంత్రం వల్ల. అదే చదువు బానిసత్వాన్ని సమర్థించడానికీ పనికొచ్చింది.

1453 కథలో చిక్కు

పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు పునరుజ్జీవనం అనగానే గుర్తొచ్చే సంవత్సరం 1453. ఆ ఏడాది ఒట్టోమన్ టర్కులు కాన్‌స్టాంటినోపుల్‌ను పట్టుకున్నారు. గ్రీకు పండితులు పుస్తకాల మూటలతో ఇటలీకి పారిపోయారు, పునరుజ్జీవనం వచ్చింది. టర్కులు సుగంధ ద్రవ్యాల దారి మూసేశారు, కొలంబస్, వాస్కోడగామా ఓడలెక్కారు. నోట్సులో రెండు లైన్లలో ఇమిడిపోతుంది కాబట్టి ఈ కథ బాగా పాతుకుపోయింది. తేదీలు వరసగా పెట్టి చూస్తే మాత్రం నిలబడదు.

ఇటలీ కవి పెట్రార్క్ వెరోనాలోని ఒక గ్రంథాలయంలో రోమన్ వక్త సిసెరో ఉత్తరాలను కనుగొన్నది 1345లో. కాన్‌స్టాంటినోపుల్ నుంచి మాన్యుయెల్ క్రిసొలోరాస్ అనే పండితుడు ఫ్లోరెన్స్ వచ్చి గ్రీకు పాఠాలు మొదలుపెట్టింది 1397లో. ఆయన పారిపోయి రాలేదు, ఫ్లోరెన్స్ నగర పాలకులు జీతం ఇచ్చి పిలిపించుకున్నారు. ఫ్లోరెన్స్ పెద్ద చర్చి మీద బ్రూనెలెస్కి కట్టిన గోపురం 1436 నాటికే పూర్తయింది.

సముద్రయానాల సంగతీ అంతే. పోర్చుగీసువాళ్లు ఆఫ్రికా ఉత్తర తీరంలోని సేయుటాను 1415లో పట్టుకున్నారు. పశ్చిమ తీరంలో అందరూ భయపడే బొజదోర్ అగ్రాన్ని 1434లో దాటారు. మిరియాలు వెనిస్ వర్తకులకు ఎక్కువగా ఈజిప్టులోని అలెగ్జాండ్రియా రేవు నుంచి అందేవి. ఈజిప్టు ఒట్టోమన్ల చేతికి వచ్చింది 1517లో, అంటే వాస్కోడగామా కాలికట్ చేరిన పంతొమ్మిదేళ్లకు. 1498 నాటికి ఆ దారి తెరిచే ఉంది. పోర్చుగల్‌కు కావలసింది ఆ దారిలో ఈజిప్టు, వెనిస్ దళారులు మిగుల్చుకుంటున్న లాభం.

అలాగని 1453కు అసలు పాత్రే లేదనడం సరికాదు. గ్రీకు సంతతికి చెందిన కార్డినల్ బెస్సారియన్ ఆ పతనం తర్వాతే రాతప్రతుల కోసం గాలింపు ముమ్మరం చేశాడు. 1468లో తన గ్రంథాలయాన్ని వెనిస్‌కు రాసిచ్చాడు. వెనిస్ తర్వాతి కాలంలో గ్రీకు పుస్తకాల అచ్చుకు కేంద్రం కావడానికి ఇలాంటి రాకపోకలు తోడ్పడ్డాయి. 1453 అప్పటికే నడుస్తున్న పనిని వేగం చేసిందనడం సబబు.

సరిచేసుకోవలసిన అపోహ ఇంకొకటి ఉంది. అంతకు ముందు ఐరోపా అంతా చీకట్లో లేదు. స్పెయిన్‌లోని టొలేడోలో 12వ శతాబ్దంలోనే అరబిక్ నుంచి లాటిన్‌లోకి అనువాదాలు జోరుగా సాగాయి. 2వ శతాబ్దపు గ్రీకు పండితుడు టాలెమీ రాసిన ఖగోళ గ్రంథం 'అల్మజెస్ట్'ను క్రెమోనాకు చెందిన జెరార్డ్ అనువదించింది 1175 ప్రాంతంలో. భారతీయ అంకెలు అరబ్బుల ద్వారా ఇటలీ వర్తకుల లెక్కల్లోకి చేరాయి. వాటిని వివరిస్తూ పీసా నగరానికి చెందిన ఫిబొనాచీ 1202లో పుస్తకం రాశాడు. ఈ అప్పును పునరుజ్జీవన పండితుల్లో చాలామంది ఒప్పుకోలేదు. గ్రీకులూ రోమన్లే తమ గురువులని, మధ్యలో వచ్చిన అరబ్బులు పాఠాలను చెడగొట్టారని రాశారు. మన పాఠ్యపుస్తకాల్లో కనిపించే 'చీకటి యుగం' అన్న మాట వెనక వాళ్ల ఈ ధోరణి ఉంది.

ఇటలీలోనే ఎందుకు?

డబ్బు ఒక కారణం. ఫ్లోరెన్స్ బంగారు నాణెం ఫ్లోరిన్ 1252 నుంచి ఐరోపా అంతటా చెల్లింది. మెడిచి కుటుంబం 1397లో బ్యాంకు పెట్టింది. డబ్బున్నవాళ్లు బొమ్మలు గీయించారు, గ్రంథాలయాలు కట్టించారు. అయితే డబ్బు ఒక్కటే చాలదు. పాత లాటిన్ తెలిసినవాళ్లకు ఉద్యోగాలు ఉండడం అంతకన్నా ముఖ్యమైన విషయం, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ఫ్లోరెన్స్, వెనిస్, మిలాన్ లాంటి నగర రాజ్యాలు ఒకదానితో ఒకటి నిత్యం తగవు పడేవి. కత్తులతో పాటు ఉత్తరాలతోనూ యుద్ధం నడిచేది. ఎదుటి రాజును ఒప్పించే ఉత్తరం, సభను కదిలించే ప్రసంగం రాయగల కార్యదర్శికి గిరాకీ ఉండేది. అలాంటి రాతకు సిసెరోను మించిన నమూనా లేదని వాళ్ల నమ్మకం. క్రిసొలోరాస్‌ను ఫ్లోరెన్స్‌కు రప్పించిన కొలూచియో సలుటాటి ఆ నగర కార్యాలయంలో ప్రధాన లేఖకుడే. పోప్ కచేరీలో పనిచేసిన పోజ్జియో బ్రాచొలీని సెలవు దొరికితే మఠాల అటకలు వెతికేవాడు. 1416లో స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాల్ మఠంలో రోమన్ గురువు క్వింటిలియన్ రాసిన వక్తృత్వ గ్రంథం పూర్తి ప్రతిని, మరుసటి ఏడాది పరమాణువుల గురించి లుక్రీషియస్ రాసిన లాటిన్ కావ్యాన్ని బయటపెట్టింది ఆయనే. మానవతావాదులని చరిత్ర పుస్తకాలు పిలిచే వీళ్లలో ఎక్కువమంది తత్వవేత్తలు కారు. గుమాస్తాలు, కార్యదర్శులు, బడిపంతుళ్లు.

ప్రతులు పోల్చి చూసే చదువు

పాత పుస్తకం దొరికితే పని అయిపోదు. ఒకే గ్రంథానికి నాలుగు ప్రతులు దొరికితే నాలుగూ నాలుగు రకాలుగా ఉంటాయి. రాసేవాడు ఒక పంక్తి దాటేస్తాడు, అర్థం కాని మాటను తెలిసిన మాటగా మార్చేస్తాడు. తాళపత్రాలు ముందేసుకుని వేమన పద్యాల పాఠభేదాలు తేల్చడానికి సి.పి. బ్రౌన్, ఆయన దగ్గరి పండితులు పడ్డ శ్రమ తెలుగువాళ్లకు తెలిసిందే. ఇటలీ పండితులు 15వ శతాబ్దంలో తలకెత్తుకున్నది అలాంటి పనే. ఏ ప్రతి పాతది, ఏ మాట ఏ కాలానిది, ఎక్కడ చేయి పడింది అని అడగడం వాళ్లకు అలవాటైంది.

ఆ అలవాటుకు ఎంత పదును ఉందో 1440లో లోరెంజో వల్లా చూపించాడు. రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ 4వ శతాబ్దంలో పశ్చిమ సామ్రాజ్యాన్ని పోప్‌కు దానంగా ఇచ్చాడని చెప్పే పత్రం ఒకటి అప్పట్లో చలామణిలో ఉండేది. రాజుల మీద పోప్‌ల అధికారానికి అదొక ఆధారం. ఆ పత్రంలోని లాటిన్ కాన్‌స్టాంటైన్ కాలానిది కాదని వల్లా వాక్యం వాక్యం విడదీసి నిరూపించాడు. రోమన్ అధికారులను 'సాత్రప్'లని (పర్షియా రాజ్యంలో ప్రాంతీయ పాలకుల పేరు) పిలవడం ఆ రోజుల్లో ఎక్కడా లేదని ఎత్తి చూపాడు. అప్పుడు వల్లా కొలువులో ఉన్నది పోప్‌తో తగవు పడుతున్న ఆల్ఫోన్సో రాజు దగ్గర. కాబట్టి ఉద్దేశం పూర్తిగా నిష్పాక్షికం అనలేం. వాదన మాత్రం గట్టిది. తర్వాత కొన్నేళ్లకే పోప్ ఐదో నికొలస్ ఆయనకు తన కచేరీలో ఉద్యోగం ఇచ్చాడు. ఆనాటి చర్చిని ఒంటి రంగుతో చిత్రించకూడదని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

పత్రం ఎవరి పేరుతో ఉన్నా సరే, అది నిజమో కాదో పత్రంలోనే ఆధారం వెతకవచ్చన్నది ఇక్కడ కొత్త విషయం. పెద్దల మాటకున్న బరువు ఆ క్షణం నుంచి కొంత తగ్గింది.

అచ్చు ఏం మార్చింది?

జర్మనీలోని మైంజ్‌లో గుటెన్‌బర్గ్ 1455 ప్రాంతంలో బైబిలును సుమారు 180 ప్రతులు అచ్చువేశాడు. కొరియాలో లోహపు అచ్చులు అంతకు ముందే ఉన్నాయి. 1377 నాటి బౌద్ధ గ్రంథం ఒకటి నేటికీ ఉంది. ఐరోపాలో తేడా ఏమిటంటే, అక్షరాలు తక్కువ, కాగితం చవక, అచ్చు ప్రైవేటు వ్యాపారం. ఒక రాజు ఒక పుస్తకాన్ని నిషేధిస్తే పక్క రాజ్యంలో అచ్చయ్యేది.

చేత్తో రాసే ప్రతిలో నకలు నకలుకూ తప్పులు పెరుగుతాయి. అచ్చులో కూర్పు కూర్పుకూ తప్పులు తగ్గే అవకాశం వచ్చింది. ఫలానా పుటలో ఫలానా బొమ్మ అని రోమ్‌లో ఉన్నవాడు రాస్తే క్రాకోవ్‌లో ఉన్నవాడు అదే పుట తెరిచి చూడగలిగాడు. బొమ్మల విషయంలో ఇది మరీ ముఖ్యం. లియొనార్డో డావించి శవపరిచ్ఛేద చిత్రాలు అద్భుతమైనవి. కానీ అవి ఆయన నోటు పుస్తకాల్లోనే ఉండిపోయాయి. ఆయన బతికుండగా అచ్చు కాలేదు, వైద్యవిద్యను మార్చలేదు. ఆ మార్పు 1543లో ఇంకొకరి పుస్తకంతో వచ్చింది.

అచ్చు నిజాన్ని మాత్రమే మోసిందనుకోకూడదు. గుటెన్‌బర్గ్ కాలంలో తేదీతో సహా దొరుకుతున్న తొలి అచ్చు కాగితాల్లో 1454 నాటి పాపపరిహార పత్రాలు (డబ్బు తీసుకుని, పాపాలకు శిక్ష తగ్గిందని చర్చి ఇచ్చే కాగితాలు) ఉన్నాయి. మంత్రగత్తెలను ఎలా గుర్తించి శిక్షించాలో చెప్పే 'మాలియస్ మాలెఫికారుం' 1480లలో వెలువడి మళ్లీ మళ్లీ అచ్చయింది. దాని ప్రభావంలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు.

బైబిలు మూలానికి వెళ్లాక

లాటిన్ బైబిలును గ్రీకు మూలంతో పోల్చి వల్లా రాసుకున్న నోట్సు ఒకటి లూవెన్ దగ్గరి మఠంలో డచ్ పండితుడు ఎరాస్మస్ కంటపడింది. ఆయన దాన్ని 1505లో అచ్చు వేయించి, 1516లో బాసెల్ నుంచి గ్రీకు కొత్త నిబంధననే ప్రచురించాడు. తొందరలో చేసిన పని అది. బైబిలులో ఆఖరిదైన ప్రకటన గ్రంథం చివరి వచనాలు చేతిలో ఉన్న ప్రతిలో లేకపోతే లాటిన్ నుంచి వెనక్కి గ్రీకులోకి తానే అనువదించేశాడు. అయినా మతాచార్యులకు మూలం చేతికందింది.

లాటిన్‌లో 'ప్రాయశ్చిత్తం చేయండి' అని చదువుకుంటున్న చోట గ్రీకులో 'మనసు మార్చుకోండి' అని ఉంది. మొదటిదానికి పూజారి, కర్మకాండ, రుసుము కావాలి. రెండోదానికి అవేవీ అక్కర్లేదు. 1517లో జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ పెట్టిన 95 ప్రతిపాదనల్లో మొదటిది ఈ పశ్చాత్తాపం గురించే. ఆయన కోపానికి తక్షణ కారణం రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి కట్టడం కోసమని అమ్ముతున్న పాపపరిహార పత్రాలు. ఆ సొమ్ములో సగం మైంజ్ ఆర్చిబిషప్ పదవి కోసం ఫుగ్గర్ బ్యాంకు దగ్గర చేసిన అప్పు తీర్చడానికి పోయేది. పునరుజ్జీవన కళలో శిఖరమనదగ్గ ఆ కట్టడానికి డబ్బు పోగుచేసిన తీరే చర్చి ఐక్యతను దెబ్బతీసింది.

అయితే మూలగ్రంథం ఒక్కటే విప్లవం తెచ్చిందా? జాన్ హుస్ సంగతి చూస్తే లేదనే చెప్పాలి. బొహీమియాకు చెందిన ఈ మతబోధకుడు లూథర్‌కు వందేళ్ల ముందే ఇలాంటి విమర్శలే చేశాడు. అభయపత్రం ఇచ్చి పిలిచి, 1415లో కాన్‌స్టాన్స్‌లో ఆయన్ను సజీవ దహనం చేశారు. లూథర్‌నూ 1521లో వర్మ్స్ నగరంలో చక్రవర్తి సభకు పిలిచారు. అప్పటికే ఆయన కరపత్రాలు లక్షల సంఖ్యలో జర్మన్ జనం చేతుల్లో ఉన్నాయి. సాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్ ఆయన్ను కోటలో దాచాడు. ఆ కోటలో కూర్చుని లూథర్ ఎరాస్మస్ గ్రీకు పాఠం నుంచి కొత్త నిబంధనను జర్మన్‌లోకి తెచ్చాడు, 1522లో అది అచ్చయింది. హుస్‌కు లేనివీ లూథర్‌కు ఉన్నవీ రెండు: అచ్చు, అండగా నిలిచిన రాజు.

మూల్యం చాలా పెద్దది. 1524-25లో జర్మన్ రైతులు తిరగబడితే లూథర్ రాజుల వైపే నిలిచాడు. 1572లో ఫ్రాన్స్‌లో ప్రొటెస్టెంట్ల ఊచకోత, 1618 నుంచి 1648 దాకా ముప్పై ఏళ్ల యుద్ధం, అన్నీ ఈ చీలిక వెంట వచ్చినవే. ఎరాస్మస్ మాత్రం చివరిదాకా పాత చర్చిని వదల్లేదు. అయినా ఆయన మరణించాక, 1559లో పోప్ విడుదల చేసిన నిషిద్ధ గ్రంథాల పట్టికలో ఆయన రచనలన్నీ చేరాయి.

శరీరం, ఆకాశం

శాస్త్రంలో మార్పు కొత్తదాని మీద మోజుతో రాలేదు. ప్రాచీనుల మాటను అక్షరం పొల్లుపోకుండా అర్థం చేసుకోవాలన్న పట్టుదలతో వచ్చింది. 2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ గ్రంథాలు 1525లో వెనిస్‌లో మూలభాషలోనే అచ్చయ్యాయి. అనువాదాల మసక పోయాక ఆయన ఏం చూశాడో, ఏం చూడలేదో స్పష్టంగా కనిపించింది.

అప్పటి వైద్య తరగతిలో ఆచార్యుడు ఎత్తైన కుర్చీలో కూర్చుని గాలెన్ పుస్తకం చదివేవాడు. కింద ఒక మంగలి శవాన్ని కోసేవాడు. పుస్తకానికీ శవానికీ తేడా వస్తే పుస్తకమే గెలిచేది. పాదువా విశ్వవిద్యాలయంలో ఆండ్రియాస్ వెసాలియస్ కుర్చీ దిగి తానే కత్తి పట్టుకున్నాడు. గాలెన్ చెప్పిన కింది దవడ రెండు ఎముకలుగా ఉంది, మనిషిలో ఒకటే. మెదడు అడుగున గాలెన్ వర్ణించిన రక్తనాళాల వల మనిషిలో లేనే లేదు. వెసాలియస్‌కు కారణం అర్థమైంది: గాలెన్ కోసింది కోతులను, పందులను, పశువులను. మనుషులను కాదు. చెక్క అచ్చు దిమ్మెలను వెనిస్‌లో చెక్కించి, ఆల్ప్స్ కొండలు దాటించి, 1543లో బాసెల్‌లో ఆ పుస్తకం అచ్చు వేయించినప్పుడు ఆయన వయసు 28.

అదే ఏడాది న్యూరెంబర్గ్‌లో కోపర్నికస్ పుస్తకం వచ్చింది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న ఈ పోలండ్ చర్చి అధికారి కూడా తిరుగుబాటుదారుడు కాదు. గ్రహాలన్నీ సమవేగంతో వృత్తాల్లో తిరగాలన్న గ్రీకు సూత్రాన్ని టాలెమీ కొన్ని చోట్ల వదిలేశాడన్నది ఆయన అభ్యంతరాల్లో ముఖ్యమైనది. ఒక రకంగా ప్రాచీనుడికన్నా ప్రాచీన సూత్రానికి ఎక్కువ కట్టుబడ్డాడు. ముందుమాటలో భూమి కదులుతుందన్న పాత గ్రీకులను పేర్లతో ఉదహరించాడు, పుస్తకాన్ని పోప్ మూడో పాల్‌కు అంకితమిచ్చాడు. ఆయన వాడిన కొన్ని రేఖాగణిత పద్ధతులు ఇరాన్‌లోని మరాగా ఖగోళవేత్తల, డమాస్కస్‌కు చెందిన ఇబ్న్ అల్ షాతిర్ నమూనాలతో సరిపోతాయి. అవి ఆయనకు ఏ దారిన చేరాయన్నది చరిత్రకారుల మధ్య ఇంకా చర్చే.

కోపర్నికస్ లెక్కలు టాలెమీ లెక్కలకన్నా పెద్దగా కచ్చితమైనవి కావు. అందుకే వెంటనే ఒప్పుకున్నవాళ్లు కొద్దిమందే. 1610లో గెలీలియో దూరదర్శినితో చూసిన గురుగ్రహపు నాలుగు చంద్రులను ప్రకటించాక, జర్మన్ ఖగోళవేత్త కెప్లర్ వృత్తాలను వదిలి దీర్ఘవృత్తాలు పట్టుకున్నాక తూకం మారింది. చర్చి కోపర్నికస్ పుస్తకాన్ని ఆపింది 1616లో, అచ్చయిన 73 ఏళ్లకు. ప్రొటెస్టెంట్లతో పోరు ముదిరిన వేళ బైబిలుకు అర్థం చెప్పే హక్కు ఎవరిదన్న ప్రశ్న చర్చికి ప్రాణసంకటమైంది. 'మతం ఎప్పుడూ విజ్ఞానానికి శత్రువు' అన్న సూత్రంతో ఈ ఆలస్యాన్ని వివరించలేం.

పటంలో తప్పు, సముద్రంలో దారి

టాలెమీ 'భూగోళశాస్త్రం' లాటిన్‌లోకి వచ్చింది 1410 ప్రాంతంలో, క్రిసొలోరాస్ శిష్యుడి చేతి మీదుగా. అక్షాంశాలు, రేఖాంశాల గళ్లలో ప్రపంచాన్ని గీసే పద్ధతి దాంతో తిరిగి వచ్చింది. తెలియని చోటు కూడా పటంలో ఒక ఖాళీ గడిగా కనిపిస్తుంది, నింపమని పిలుస్తుంది. ఆ పటంలో పెద్ద తప్పు ఒకటి ఉంది. హిందూ మహాసముద్రాన్ని నలువైపులా నేల కప్పేసిన సరస్సులా చూపించింది. అది నిజమైతే ఆఫ్రికా చుట్టి భారతదేశం చేరడం కుదరదు.

ఈ తప్పు సరిదిద్దడంలో మనకు బాగా తెలిసిన పేరు ఒకటి తగులుతుంది. తెలుగును ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్ అన్నాడని మనవాళ్లు తరచూ చెప్పుకునే నికోలో దె కాంటి వెనిస్ వర్తకుడు. విజయనగరం చూసినవాడు, తూర్పు సముద్రాల్లో ఏళ్ల తరబడి తిరిగినవాడు. 1440లలో తిరిగి వెళ్లాక ఆయన చెప్పిన విశేషాలను లాటిన్‌లో రాసిపెట్టింది మరెవరో కాదు, మఠాల అటకలు వెతికిన పోజ్జియోనే. విజయనగరం చుట్టుకొలత అరవై మైళ్లన్న మాట ఆ రచనలోదే. వెనిస్ సన్యాసి ఫ్రా మౌరో 1450లలో గీసిన పటంలో కాంటి సమాచారం చేరింది, హిందూ మహాసముద్రం తెరుచుకుంది. టాలెమీని పూర్తిగా పాటించలేకపోతున్నానని ఫ్రా మౌరో పటం మీదే సంజాయిషీ రాసుకున్నాడు. 1488లో బార్తలొమ్యూ డయాస్ ఆఫ్రికా దక్షిణ కొస చుట్టి దాన్ని రుజువు చేశాడు.

కొలంబస్ విషయంలో తప్పు లెక్కే పనిచేసింది. భూమి గుండ్రమని అప్పటి చదువుకున్నవాళ్లందరికీ తెలుసు, పేచీ దాని కొలత మీద. కొలంబస్ అరబ్ మైలును చిన్నదైన రోమన్ మైలుగా తీసుకుని భూమిని కుదించేశాడు. కానరీ దీవుల నుంచి పడమరగా జపాన్ దాదాపు 4,400 కిలోమీటర్లే అనుకున్నాడు. నిజానికి అంతకు నాలుగు రెట్లకు పైనే. దూరం చాలా ఎక్కువన్న స్పెయిన్ పండితుల మాటే ఒప్పు. అమెరికా అడ్డం రాకపోతే ఆ నావికులు ఆకలితో చచ్చిపోయేవాళ్లు.

ఆ చదువే ఇంకో చేతిలో

అమెరికా జనం గురించి టాలెమీకి తెలియదు, అరిస్టాటిల్‌కు తెలియదు. వాళ్లనేం చేయాలన్న ప్రశ్నకు మాత్రం పాత పుస్తకాల్లోనే జవాబు వెతికారు. 1550-51లో స్పెయిన్‌లోని వల్లదొలిద్‌లో రాజు ఏర్పాటు చేసిన సభలో హువాన్ హినేస్ దె సెపుల్వేద ఒక వైపు వాదించాడు. బొలోన్యాలో చదువుకున్న పండితుడు, అరిస్టాటిల్ 'రాజనీతి'ని గ్రీకు నుంచి శ్రద్ధగా అనువదించినవాడు. కొందరు పుట్టుకతోనే బానిసలన్న అరిస్టాటిల్ మాటను పట్టుకుని ఆ జనంపై యుద్ధం న్యాయమేనన్నాడు. ఎదురు వాదించిన బార్తొలొమె దె లాస్ కాసాస్ దశాబ్దాల పాటు అమెరికాలో ఉండి జరిగిన దారుణాలు కళ్లారా చూసినవాడు. సభ ఏ తీర్పూ ప్రకటించలేదు.

లాస్ కాసాస్ తను చూసినదాన్ని 1552లో సెవిల్‌లో అచ్చు వేయించాడు. 1578లో అది డచ్ భాషలోకి వెళ్లి, స్పెయిన్ పాలనపై తిరగబడ్డ నెదర్లాండ్స్‌లో ప్రచార ఆయుధమైంది. స్పానిష్ క్రూరత్వాన్ని అలా చదివి తెలుసుకున్న ఆ దేశంలోనే 1602లో ఈస్టిండియా కంపెనీ పుట్టింది. కొద్ది ఏళ్లలోనే అది మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. మన తీరంలో నేసిన బట్టలు కొని, తూర్పు దీవులకు తీసుకెళ్లి, వాటికి బదులుగా జాజికాయ, లవంగం కొనేది. 1621లో జాజికాయ వ్యాపారం పూర్తిగా తన గుప్పిట్లోకి తెచ్చుకోవడానికి బాందా దీవుల జనంలో అత్యధికులను చంపించింది, లేదా బానిసలుగా పట్టుకుపోయింది.